కరిగిపోయే దారం

పాఠ్యభాగ పరిచయం

తెగిన శరీరభాగాలను తిరిగి కలిపి కుట్టడం వైద్యవిద్యలో అతి ప్రాచీనమైన ప్రక్రియ. కుట్టిన దారాన్ని మళ్లీ విప్పవలసిన పని లేకుండా, అది తనంతట తానే శరీరంలో లీనమయ్యేటట్లు చేయడం ఆధునిక రసాయనశాస్త్రం మానవాళికి ప్రసాదించిన వరం. చెరకు, పెరుగు వంటి నిత్యపరిచితమైన పదార్థాలతో సంబంధమున్న రెండు ఆమ్లాల నుంచి శస్త్రచికిత్స దారాలు, ఎముకలను బిగించే మరలు, రక్తనాళాలను తెరచి ఉంచే స్టెంట్లు ఎలా రూపొందాయో, వాటి వెనుక ఉన్న సూత్రమేమిటో ఈ పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠ్యాంశం

చెరకు తోట నుంచి శస్త్రచికిత్స గదికి

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువగా జహీరాబాద్ పట్టణం ఉంది. పూర్వం మెదక్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం చెరకు సాగుకు పేరొందింది. చెరకు అనగానే ఎవరికైనా బెల్లం, పంచదార స్ఫురిస్తాయి. రసాయన శాస్త్రజ్ఞునికి మాత్రం మరొక పదార్థం కూడా గుర్తుకు వస్తుంది. చెరకు రసంలోని చక్కెరను కొన్ని సూక్ష్మజీవుల చేత పులియబెడితే లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. పాలు తోడుకొని పెరుగైనప్పుడు దానికి పులుపునిచ్చేది ఈ ఆమ్లమే. 1780లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే పులిసిన పాల నుంచి దీనిని మొదటిసారి వేరుచేశాడు. బరువైన పనులు చేసేటప్పుడు మనిషి కండరాలలో కూడా ఇదే ఆమ్లం ఏర్పడుతుంది. దీనికి దగ్గరి బంధువైన గ్లైకాలిక్ ఆమ్లం చెరకు రసంలో సహజంగానే స్వల్ప పరిమాణంలో ఉంటుంది.

ఈ ఆమ్లాల చిన్న చిన్న అణువులను వేల సంఖ్యలో ఒకదానికొకటి గొలుసుకట్టుగా కలిపితే బృహదణువులు, అంటే పాలిమర్లు ఏర్పడతాయి. వాటిని కరిగించి సన్నని పోగులుగా తీస్తే గట్టి దారం లభిస్తుంది. నేడు పరిశ్రమలలో గ్లైకాలిక్ ఆమ్లాన్ని ఎక్కువగా రసాయన పద్ధతిలోనే తయారుచేస్తున్నారు. లాక్టిక్ ఆమ్లాన్ని మాత్రం ప్రధానంగా చక్కెరలను పులియబెట్టే తీస్తున్నారు. సిజేరియన్ కాన్పులో తల్లి గర్భసంచిని మూసి కుట్టేది సాధారణంగా ఇటువంటి దారంతోనే. బిడ్డ పుట్టిన కొన్ని నెలల తరువాత ఆ తల్లి కడుపులో ఆ దారం ఆనవాలు కూడా మిగలదు. శరీరంలో కొంతకాలం పనిచేసి, తరువాత హాని చేయని చిన్న అణువులుగా విడిపోయే ఇటువంటి పదార్థాలనే జీవ విచ్ఛిన్న పాలిమర్లు అంటారు.

దారానికి ఉన్న రెండు ధర్మాలు

శస్త్రవైద్యుడు వాడే దారానికి రెండు ధర్మాలుండాలి. గాయం అంచులు విడిపోకుండా గట్టిగా పట్టి ఉంచడం మొదటిది. గాయం మానిన తరువాత శరీరానికి భారం కాకుండా తొలగిపోవడం రెండవది. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధమైనవిగా కనిపిస్తాయి. గట్టిగా ఉండే వస్తువు తొందరగా పోదు. తొందరగా పోయే వస్తువు గట్టిగా ఉండదు. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించడానికి మానవుడు చేసిన ప్రయత్నమే శస్త్రచికిత్స దారాల చరిత్ర.

చర్మం మీద వేసిన కుట్లను వారం పది రోజులకు వైద్యుడు కత్తిరించి తీసివేయగలడు. శరీరం లోపల వేసిన కుట్లను తీయాలంటే మళ్లీ కోయక తప్పదు. అది గాయం మాన్పడానికి మరొక గాయం చేయడమే అవుతుంది. పై కుట్లు విప్పించుకోవడం కూడా అందరికీ సులభం కాదు. చెరకు నరికే కూలీ చేతికి కత్తి వేటు పడితే, కుట్లు వేయించుకోవడానికి ఎలాగో ఆసుపత్రికి వస్తాడు. వాటిని విప్పించుకోవడానికి మరొక దినం కూలి వదులుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని రావడం అతనికి కష్టం. చిన్నపిల్లల విషయంలో కుట్లు విప్పడం కుట్లు వేయడమంత యాతన. కనుక తనంతట తానే పోయే దారం సౌకర్యం మాత్రమే కాదు. పేదవానికి, గ్రామీణునికి, శిశువుకు అది ఒక ఊరట.

ప్రాచీనుల అన్వేషణ

గాయాలను కుట్టే విద్య భారతదేశంలో అతి ప్రాచీన కాలం నుంచి ఉంది. శల్యవైద్యానికి మూలగ్రంథంగా ప్రసిద్ధి చెందిన సుశ్రుత సంహితలో చెట్ల నారలు, జనుము, స్నాయువులు, వెంట్రుకలు కుట్టడానికి పనికివచ్చే పదార్థాలుగా పేర్కొనబడ్డాయి. తెగిన పేగును కలపడానికి అందులో చెప్పిన పద్ధతి మరింత ఆసక్తికరమైనది. పేగు అంచులను దగ్గరకు చేర్చి, వాటిని పెద్ద నల్లచీమల చేత కరిపించి, తలలు మాత్రం మిగిలేటట్లు మొండేలను తుంచివేయాలని అందులో ఉంది. కడుపు లోపల మిగిలే కుట్టును తిరిగి తీసే అవసరం లేని పద్ధతి ఇది.

పాశ్చాత్య దేశాలలో పశువుల పేగుల నుంచి తీసిన తంతువులు చిరకాలం వాడుకలో ఉన్నాయి. రోమన్ కాలపు వైద్యుడు గాలెన్ వీటిని వాడినట్లు తెలుస్తున్నది. వీటికి క్యాట్‌గట్ అనే పేరు స్థిరపడింది. ఆంగ్లంలో ఆ పేరు పిల్లిని తలపించినా, ఆ తంతువులు గొర్రెల, పశువుల పేగుల నుంచి తీసినవే. 19వ శతాబ్దంలో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ గాయాలు కుళ్లిపోవడానికి సూక్ష్మజీవులే కారణమని గ్రహించి, క్యాట్‌గట్‌ను కార్బాలిక్ ఆమ్లంతో శుద్ధిచేసే విధానాన్ని 1869లో ప్రకటించాడు. తరువాత క్రోమియం లవణాలతో శుద్ధిచేసి దానిని మరికొంత కాలం నిలిచేటట్లు చేశారు.

క్యాట్‌గట్‌కు ఒక పెద్ద లోపం ఉంది. అది జంతువుల ప్రోటీను. శరీరం దానిని పరాయి వస్తువుగా గుర్తించి, ఎంజైముల సహాయంతో జీర్ణం చేసుకుంటుంది. ఈ పోరాటంలో గాయం చుట్టూ వాపు, మంట కలుగుతాయి. పైగా ఎంజైముల చురుకుదనం ఒక్కొక్క శరీరంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. గాయానికి చీము పడితే దారం మరింత త్వరగా తెగిపోతుంది. అంటే ఎన్నాళ్లు నిలుస్తుందో ముందుగా నికరంగా చెప్పలేని దారం అది. పశువులలో వచ్చిన ప్రాణాంతక మెదడు వ్యాధి మనుషులకు సోకగలదనే భయంతో 2001లో ఐరోపాలో దీని వాడకం ఆగిపోయింది. ధర తక్కువ కావడం వల్ల మనదేశంలో మాత్రం దీని వాడుక పూర్తిగా తొలగిపోలేదు.

లోపమే గుణమైన వేళ

1930 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త కొత్త పోగుల కోసం పరిశోధనలు చేస్తున్నాడు. లాక్టిక్ ఆమ్లం వంటి వాటి నుంచి ఆయన బృందం పాలిఎస్టర్లను తయారుచేసింది. అవి తక్కువ వేడికే కరిగేవి. నీరు తగిలితే క్రమంగా విచ్ఛిన్నమయ్యేవి. ఉతికితే పాడైపోయే పోగుతో బట్ట నేసి లాభమేమిటి? కరోథర్స్ వాటిని విడిచి వేరే మార్గం పట్టాడు. ఆ మార్గంలో లభించినదే నైలాన్.

బట్టకు పనికిరాదని విడిచిన ఆ లోపమే వైద్యంలో గొప్ప గుణమైంది. మానవ శరీరంలో సుమారు మూడింట రెండు వంతులు నీరే. నీటిలో నెమ్మదిగా విడిపోయే దారం శరీరంలోనూ నెమ్మదిగా విడిపోతుంది కదా! 1966లో ఆర్.కె. కులకర్ణి, ఆయన సహచరులు పాలీలాక్టిక్ ఆమ్లాన్ని జంతువుల శరీరాలలో అమర్చి పరీక్షించి, అది విషపూరితం కాదనీ, క్రమంగా క్షీణిస్తుందనీ ప్రకటించారు. అమెరికా సైన్యపు వైద్య పరిశోధనలో భాగంగా ఈ కృషి జరిగింది. ఆ దశాబ్దంలోనే అమెరికన్ సైనమిడ్ సంస్థ పరిశోధకులు పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో దారం తయారుచేశారు. అది 1970లో డెక్సాన్ అనే పేరుతో విపణిలోకి వచ్చింది. కృత్రిమంగా రూపొంది, శరీరంలో లీనమయ్యే మొట్టమొదటి శస్త్రచికిత్స దారం అదే. 1974లో తొంభై పాళ్లు గ్లైకాలిక్, పది పాళ్లు లాక్టిక్ అంశాలు కలిసిన వైక్రిల్ అనే దారం వచ్చింది.

దారం ఎలా కరుగుతుంది?

వాడుకలో ‘కరిగే కుట్లు’ అంటున్నప్పటికీ, ఇవి నీటిలో ఉప్పు కరిగినట్లు కరగవు. ఈ పాలిమర్ గొలుసులోని అణువులు ఎస్టర్ బంధాలతో కలిసి ఉంటాయి. శరీరంలోని నీరు దారంలోకి ఇంకి ఒక్కొక్క బంధాన్ని తెంచుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. పొడవైన గొలుసులు ముక్కలై, ఆ ముక్కలు మరింత చిన్నవై, చివరకు మొదటి ఆమ్లాలే మిగులుతాయి. లాక్టిక్ ఆమ్లం శరీరానికి కొత్త కాదు. అది పైరూవిక్ ఆమ్లంగా మారి, ఆహారం నుంచి శక్తిని పుట్టించే క్రెబ్స్ వలయంలో ప్రవేశించి, తుదకు కార్బన్ డై ఆక్సైడ్‌గా, నీరుగా మారి వెలుపలికి పోతుంది. గ్లైకాలిక్ ఆమ్లం కొంత మూత్రంలో పోగా, కొంత శరీరంలోని రసాయన చర్యలలో కలిసిపోతుంది. దారాన్ని తెంచడానికి ఇక్కడ ప్రధానంగా నీరే చాలు. నీరు అందరి శరీరాలలోనూ ఉన్నదే కనుక, దారం ఎన్నాళ్లు నిలుస్తుందో ముందుగా అంచనా వేయడం సాధ్యమైంది. క్యాట్‌గట్ కంటే ఇది మేలుగా ఉండటానికి ఇదే ప్రధాన కారణం.

ఇక్కడ విద్యార్థులు గ్రహించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. దారం బలం తగ్గడం వేరు, దారం మాయమవడం వేరు. ఇనుప గొలుసులో రెండు మూడు లంకెలు తెగినంత మాత్రాన దాని బరువు తగ్గదు. కాని దానితో బండిని లాగలేము. అలాగే పాలిమర్ దారంలో మొదట గొలుసులు తెగి బలం పోతుంది. పదార్థం పోవడానికి మరికొంత కాలం పడుతుంది. వైక్రిల్ దారం రెండు వారాలకు సుమారు 75 శాతం, మూడు వారాలకు 50 శాతం, నాలుగు వారాలకు 25 శాతం బలాన్ని నిలుపుకొంటుంది. అది పూర్తిగా లీనమవడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది.

మరొక వైపు గాయం తన బలాన్ని తాను కూడగట్టుకుంటుంది. చర్మం మీది గాయం మొదటి వారంలో మామూలు చర్మపు బలంలో పదోవంతుకైనా చేరదు. మూడు వారాలకు సుమారు 20 శాతానికి, మూడు నెలలకు 80 శాతానికి చేరుతుంది. దారం ఒక్కొక్క మెట్టు దిగుతుంటే కణజాలం ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది. ఈ ఎక్కడం, దిగడం సరిగా కుదిరితే గాయం మానుతుంది. కుదరకపోతే కుట్టు విడిపోవడమో, అనవసరమైన పరాయి వస్తువు శరీరంలో మిగలడమో జరుగుతుంది.

కాలాన్ని నిర్ణయించే రసాయనం

శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో మానవు. నోటి లోపలి పొర కొద్ది రోజులలోనే అతుకుతుంది. కడుపు గోడలోని దృఢమైన పొరలకు వారాలు, నెలలు కావాలి. ఎముకకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. కనుక ఒకే దారం అన్నింటికీ సరిపోదు. అవసరానికి తగినంత కాలం నిలిచే పదార్థాన్ని ఎంచుకోవడానికి రసాయనశాస్త్రం తోడ్పడుతుంది.

గ్లైకాలిక్ ఆమ్లానికి, లాక్టిక్ ఆమ్లానికి ఉన్న భేదం స్వల్పం. లాక్టిక్ ఆమ్లంలో ఒక మిథైల్ సమూహం అదనంగా ఉంటుంది. అది నీటిని దూరంగా ఉంచుతుంది. ఈ చిన్న భేదం వల్ల పాలీగ్లైకాలిక్ ఆమ్లపు దారం రెండు మూడు నెలలలో లీనమైతే, స్ఫటిక నిర్మాణం గల పాలీలాక్టిక్ ఆమ్లానికి రెండేళ్లకు పైగా పడుతుంది. ఈ రెండింటినీ తగిన పాళ్లలో కలిపితే నడిమి కాలాలు లభిస్తాయి. 1980ల తొలినాళ్లలో వచ్చిన పాలీడయాక్సనోన్ దారం లీనమవడానికి సుమారు ఆరు నెలలు తీసుకుంటుంది. కడుపు గోడ వంటి నెమ్మదిగా మానే భాగాలకు అది అనువైనది.

దారం నిర్మాణానికి కూడా ప్రాముఖ్యం ఉంది. సన్నని పోగులను జడలా అల్లిన దారం మెత్తగా ఉండి, ముడి చక్కగా నిలుస్తుంది. కాని పోగుల సందులలో సూక్ష్మజీవులు దాగే ప్రమాదముంది. ఒంటిపోగు దారం కణజాలంలో సునాయాసంగా జారుతుంది. సూక్ష్మజీవులకు తావు తక్కువ. కాని బిరుసుగా ఉండటం వల్ల దానిని ముడివేయడానికి ఎక్కువ నేర్పు కావాలి.

నీటితో విడిపోయే ఈ దారాలకు గాలిలోని తేమ కూడా శత్రువే. అందుచేత వీటిని ఆవిరితో శుద్ధిచేయరు. సాధారణంగా ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధిచేసి, తేమ చొరని రేకు పొట్లాలలో భద్రపరుస్తారు. పొట్లం ఒకసారి తెరచిన తరువాత మిగిలిన దారాన్ని దాచి మళ్లీ శుద్ధిచేసి వాడరాదు. గడువు దాటిన దారం చూపులకు కొత్తదానిలాగే ఉండవచ్చు. కాని దాని లోపలి గొలుసులు అప్పటికే తెగి ఉండవచ్చు. కుట్టు పడినప్పుడు బాగానే ఉండి, మూడో నాడు విడిపోతే రోగికి ప్రాణాపాయం కలుగుతుంది. పొట్లం మీద ముద్రించిన తేదీని చదవడం కూడా చికిత్సలో భాగమే.

ఎముకలో మర, నాళంలో జాలి

విరిగిన ఎముకలను లోహపు మరలతో, పట్టీలతో బిగించడం పరిపాటి. ఎముక అతికిన తరువాత వాటిని తీయడానికి చాలామందికి రెండవ శస్త్రచికిత్స అవసరమవుతుంది. 1980ల మధ్యకాలంలో ఫిన్లాండ్ వైద్యులు చీలమండ విరుపులకు పాలీగ్లైకాలిక్ ఆమ్లపు కడ్డీలు వాడి చూశారు. చాలామందికి మేలు జరిగింది. అయితే కొందరిలో కొన్ని వారాల తరువాత ఆ చోట వాపు వచ్చి నీరు కారింది. సన్నని దారం విడిపోయినప్పుడు పుట్టే ఆమ్లాన్ని రక్తం సులభంగా తీసుకుపోతుంది. లావైన కడ్డీ ఒక్కసారిగా విడిపోతే అక్కడ చేరిన ఆమ్లాన్ని శరీరం వెంటనే తట్టుకోలేదు. దారానికి తగిన పదార్థం కడ్డీకి తగకపోవచ్చునని దీనివల్ల తెలిసింది. నేడు మోకాలి స్నాయువుల చికిత్సలో వాడే మరలను నెమ్మదిగా విడిపోయే పాలీలాక్టిక్ ఆమ్లంతో, ఎముకకు మేలుచేసే కాల్షియం లవణాలను కలిపి తయారుచేస్తున్నారు.

పదార్థ విజ్ఞానాన్ని వైద్యానికి అన్వయించిన గొప్ప ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ 1982లో ఇక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చి క్షిపణుల రూపకల్పనకు నాయకత్వం వహించారు. క్షిపణుల కోసం రూపొందించిన తేలికైన మిశ్రమ పదార్థాన్ని చూసిన నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఎముకల వైద్యుడొకరు, సుమారు మూడు కిలోల బరువుండే లోహపు కాలిపట్టీలను ఈడ్చుకుంటూ నడిచే చిన్నారులను ఆయనకు చూపించారు. కలామ్ బృందం 300 గ్రాముల పట్టీలను తయారుచేసి వారికి అందించింది. 1998లో హృద్రోగ వైద్యుడు డాక్టర్ బి. సోమరాజుతో కలిసి ఆయన తక్కువ ధరకు లభించే లోహపు స్టెంట్‌ను రూపొందించారు. అది కలామ్-రాజు స్టెంట్‌గా ప్రసిద్ధి చెందింది.

స్టెంట్ అంటే మూసుకుపోతున్న గుండె రక్తనాళాన్ని తెరచి ఉంచే సన్నని జాలి గొట్టం. నాళం మళ్లీ పూడిపోకుండా తరువాతి కాలంలో దానిపై ఔషధపు పూత వేశారు. ఆ పూతను పట్టి ఉంచడానికి మొదట శాశ్వతంగా నిలిచే పాలిమర్‌ను వాడారు. ఔషధం అయిపోయిన తరువాత మిగిలిన పాలిమర్ కొందరిలో వాపునూ, ఆలస్యంగా రక్తం గడ్డకట్టే ప్రమాదాన్నీ కలిగించింది. అందుచేత ఔషధంతో పాటు పూత కూడా లీనమయ్యే పాలిమర్లను ప్రవేశపెట్టారు. ఇటువంటి స్టెంట్లను తయారుచేసే సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ సంస్థ కర్మాగారం 2022లో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కులో ప్రారంభమైంది. ఆ పార్కుకు 2017లో ప్రారంభోత్సవం జరిగింది. చెరకు పండే జహీరాబాద్ ఉన్న జిల్లాలోనే ఇటువంటి పరికరాలు తయారుకావడం విశేషం. స్టెంట్ల ధర సామాన్యునికి భారంగా మారిన కాలంలో, 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఔషధపు పూత గల స్టెంట్లకు, పూర్తిగా లీనమయ్యే స్టెంట్లకు కూడా 29,600 రూపాయల గరిష్ఠ ధరను నిర్ణయించింది.

ఒక ఓటమి నేర్పిన పాఠం

పూత మాత్రమే కాక స్టెంట్ అంతా లీనమైపోతే ఎంత బాగుంటుంది! ఈ ఆశతోనే అబాట్ సంస్థ పాలీలాక్టిక్ ఆమ్లంతో ‘అబ్జార్బ్’ అనే స్టెంట్‌ను రూపొందించింది. అది సుమారు మూడేళ్లలో శరీరంలో కలిసిపోతుంది. 2016 జులైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దానికి అనుమతినిచ్చింది. లోహం లేని గుండె కాబోలు భవిష్యత్తు అని అందరూ భావించారు.

అయితే సుమారు 2,000 మంది రోగులపై జరిగిన పరిశీలన భిన్నమైన ఫలితాన్నిచ్చింది. మూడేళ్లలో స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం లోహపు స్టెంట్ వాడినవారిలో 0.7 శాతం కాగా, అబ్జార్బ్ వాడినవారిలో 2.3 శాతంగా తేలింది. లోహం కంటే బలం తక్కువ గనుక పాలిమర్ తీగలను మందంగా, సుమారు 150 మైక్రోమీటర్ల మేరకు చేయవలసి వచ్చింది. ఆ మందపాటి తీగలు రక్తప్రవాహానికి అడ్డుతగిలాయి. విడిపోయే దశలో నాళం గోడలో పూర్తిగా ఇమడని తీగలు లోపలికి ఒరిగాయి. 2017 సెప్టెంబరులో సంస్థ దాని అమ్మకాన్ని నిలిపివేసింది.

విజ్ఞానశాస్త్రం ఓటమితో ఆగదు. అదే పాలీలాక్టిక్ ఆమ్లాన్ని మరింత సన్నని తీగలుగా మలచి, మోకాలి దిగువ రక్తనాళాలు మూసుకుపోయి కాలు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్న రోగులకు వాడి చూశారు. అక్కడ బెలూనుతో మాత్రమే నాళాన్ని తెరచే పద్ధతి కంటే అది మెరుగైన ఫలితమిచ్చింది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. మధుమేహం వల్ల కాళ్లకు రక్తప్రసారం తగ్గే రోగులు మన రాష్ట్రాలలో అధికంగా ఉన్నందున ఈ ఫలితం మనకు ఎంతో ప్రయోజనకరమైనది. గుండెలో ఓడిన పదార్థం కాలిలో గెలిచిందంటే, పదార్థంలో మంచి చెడ్డలు దాని స్వభావంలోనే కాక దానిని వాడే చోటులోనూ ఉంటాయని అర్థం.

కరగకూడని చోట్లు

కరిగే దారం మేలైనదని అన్ని చోట్లా దానినే వాడరాదు. గుండెలో కృత్రిమ కవాటం అమర్చినప్పుడు, తెగిన పెద్ద రక్తనాళాన్ని కృత్రిమ నాళంతో కలిపినప్పుడు ఆ అతుకు జీవితాంతం కుట్టు మీదనే ఆధారపడుతుంది. అక్కడ పాలీప్రొపిలీన్, పాలిఎస్టర్ వంటి శాశ్వతమైన దారాలే వాడాలి. వైద్యుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కణజాలం తన కాళ్ల మీద తాను నిలవడానికి ఎంతకాలం పడుతుంది? దానికి వచ్చిన సమాధానాన్ని బట్టి దారాన్ని ఎంచుకోవాలి.

చెరకు రైతుకూ ఇందులో ఒక ఆశ ఉంది. ఉత్తరప్రదేశ్‌లో చక్కెర మిల్లులు నడుపుతున్న బలరాంపూర్ చినీ మిల్స్ సంస్థ చెరకు ఆధారంగా పాలీలాక్టిక్ ఆమ్లం తయారుచేసే కర్మాగారాన్ని నెలకొల్పనున్నట్లు 2024లో ప్రకటించింది. ఇటువంటి కర్మాగారాలలో తయారయ్యేది ప్రధానంగా సంచులు, పాత్రల వంటి వస్తువులకు ఉపయోగపడే రకం. మనిషి శరీరంలో అమర్చే పాలిమర్‌కు అంతకంటే ఎన్నో రెట్లు శుద్ధి కావాలి. అందులో మిగిలిన మలినాలు, తయారీలో వాడిన తగరపు లవణాల జాడలు అత్యల్పంగా ఉండాలి. పొలం నుంచి శస్త్రచికిత్స గదికి ఉన్న దూరం ఆ శుద్ధిలోనే ఉంది. ఆ దూరాన్ని దాటించవలసినది రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, వైద్యులు కలిసి చేసే కృషి.

ఏ వస్తువైనా చిరకాలం మన్నితేనే గొప్పదని లోకం భావిస్తుంది. శస్త్రచికిత్స దారం ఈ భావనను సవరిస్తుంది. అవసరమున్నంత కాలం బలంగా నిలిచి, గాయం తన బలాన్ని తాను పొందిన తరువాత చోటు విడిచిపోవడమే దాని గొప్పతనం. ముందుగా పోతే అది ద్రోహం. పోవలసిన సమయానికి పోకపోతే అది భారం. ఆ సమయాన్ని లెక్కగట్టి ఒక దారపు పోగులో ఇమడ్చగలగడమే ఈ విజ్ఞానం సాధించిన ఘనత.

పదాలు – అర్థాలు

లీనమగు = కలిసిపోవు
వైరుధ్యం = పరస్పర విరోధం
స్నాయువు = ఎముకలను, కండరాలను బంధించే గట్టి తంతువు
విపణి = అంగడి, వాణిజ్య ప్రదేశం
విచ్ఛిన్నం = ముక్కలుగా విడిపోవడం
కణజాలం = ఒకే పని చేసే కణాల సముదాయం
లంకె = గొలుసులోని కడియం
పరిపాటి = వాడుక, అలవాటు
కవాటం = తలుపు; గుండెలో రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే భాగం

భాషాంశాలు

మానవాళి = మానవ + ఆళి – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
బృహదణువు = బృహత్ + అణువు – జశ్త్వ సంధి
శస్త్రచికిత్స = శస్త్రముతో చికిత్స – తృతీయా తత్పురుష సమాసం
రక్తనాళం = రక్తము యొక్క నాళం – షష్ఠీ తత్పురుష సమాసం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. శస్త్రచికిత్స దారాల పరిణామక్రమాన్ని ప్రాచీన కాలం నుంచి నేటి వరకు వివరించండి.
2. ‘దారం బలం తగ్గడం వేరు, దారం మాయమవడం వేరు’ – పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. క్యాట్‌గట్ లోపాలను తెల్పండి.
2. కరోథర్స్ విడిచిన పదార్థం వైద్యానికి ఎందుకు పనికివచ్చింది?
3. అబ్జార్బ్ స్టెంట్ విఫలం కావడానికి కారణాలేవి?
4. కరిగే దారాన్ని ఏయే సందర్భాలలో వాడకూడదు? ఎందుకు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లాక్టిక్ ఆమ్లాన్ని మొదట వేరుచేసిన శాస్త్రవేత్త ఎవరు?
2. డెక్సాన్ దారం ఏ సంవత్సరంలో విపణిలోకి వచ్చింది?
3. వైక్రిల్ దారం పూర్తిగా లీనమవడానికి ఎన్ని రోజులు పడుతుంది?
4. కలామ్-రాజు స్టెంట్ రూపకల్పనలో పాల్గొన్న హృద్రోగ వైద్యుడెవరు?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. గాయం మాన్పడానికి మరొక గాయం చేయడమే అవుతుంది.
2. గుండెలో ఓడిన పదార్థం కాలిలో గెలిచింది.
3. ముందుగా పోతే అది ద్రోహం. పోవలసిన సమయానికి పోకపోతే అది భారం.